గండికోట ఫొటోలో గండి కనపడాలంటే: క్రాపింగ్, ఎడిటింగ్ ఎలా చేయాలి

గండికోట వెళ్లొచ్చిన వాళ్లందరి ఫోన్లలో దాదాపు ఒకే ఫొటో ఉంటుంది. పైన సగం తెల్లగా పాలిపోయిన ఆకాశం, కింద ఎర్రటి బండలు, మధ్యలో ఎక్కడో ఒక పచ్చటి గీత. ఆ గీతే పెన్నా నది. అంచున నిలబడి చూసినప్పుడు కాళ్లు వణికించిన లోయ ఫొటోలోకి వచ్చేసరికి పిల్లకాలువైపోతుంది. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన ఆ గండి వల్లే కోటకు ఆ పేరొచ్చింది. ఫొటోలో మాత్రం అన్నీ ఉంటాయి, గండి తప్ప.

నా దగ్గరా అలాంటిదే ఒకటి ఉంది. డిసెంబరులో ఒక పొద్దున, చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే ఫోన్‌తో తీసింది. ఎడమ అంచున ఎవరిదో భుజం, బ్యాగు సగం వచ్చాయి. కింద బండ మీద ఖాళీ నీళ్ల సీసా. ఫొటో మొత్తం ఎడమకు ఒరిగింది. కుడివైపు దూరంగా అవతలి బండ చివర ఎర్ర చొక్కా వేసుకున్న మనిషొకడు లోయలోకి చూస్తూ నిలబడి ఉన్నాడు, అగ్గిపుల్ల తలంత. దీన్నే ముందు పెట్టుకుని మొదట్నుంచీ చివరిదాకా ఎలా బాగుచేశానో చెబుతాను. మీరూ మీ ఫొటో ఒకటి తెరిచి పెట్టుకోండి. అరకు లోయైనా, పాపికొండలైనా, అమెరికాలో ఉంటే అసలు గ్రాండ్ క్యాన్యనే అయినా పద్ధతి మారదు. నేను ఫోన్లో స్నాప్‌సీడ్ వాడతాను, డబ్బులు కట్టక్కర్లేదు. లైట్‌రూమ్‌లో అయినా, ఫోన్‌తో వచ్చిన గ్యాలరీలో అయినా ఇక్కడ చెప్పే పనుల్లో చాలావరకు చేసుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు

ఒరిజినల్‌ను ముట్టుకోకండి. కాపీ తీసుకుని దాని మీదే పనిచేయండి. కొన్ని యాప్‌లు పాత ఫొటో మీదే సేవ్ చేసేస్తాయి, ఆరు నెలల తర్వాత ఇంకోలా కోద్దామంటే ఏమీ మిగలదు.

రెండోది స్క్రీన్. రాత్రి పడుకుని ఎడిట్ చేసేవాళ్లే ఎక్కువ. ఆ టైముకు ఫోన్లో కళ్లకు హాయిగా ఉండే పసుపు మోడ్ ఆన్ అయి ఉంటుంది. దాని మీద రంగులు సరిచేస్తే పొద్దున్నే చూసుకునేసరికి ఫొటో నీలంగా తేలుతుంది. ఆ మోడ్ ఆపేయండి, బ్రైట్‌నెస్ సగానికి కొంచెం పైన పెట్టండి. వీలైతే ఊరి నుంచి వచ్చిన రోజే కాకుండా ఒకట్రెండు రోజులు ఆగి మొదలుపెట్టండి. ప్రయాణం మత్తులో ప్రతి ఫొటో బాగున్నట్టే అనిపిస్తుంది.

ఒకటి: ఫొటో దేని గురించో ఒక్క మాటలో చెప్పండి

అన్నిటికంటే కష్టమైన పని ఇదే, దీనికి ఏ యాప్ సాయం చేయదు. గ్యాలరీలో ఫొటోలన్నీ చిన్న చిన్న గడులుగా కనిపిస్తాయి చూడండి, అక్కడ మీ ఫొటోను చూడండి. గోటంత సైజులో కూడా కంటికి ఆనేది ఏమిటి? నాకైతే తెల్లటి ఆకాశం ఆనింది. అంటే చూసేవాళ్ల కన్ను ముందు అక్కడికే పోతుంది. నేను ఆగి ఫోన్ తీసింది ఆకాశం కోసం కాదు కదా.

తర్వాత ఒక వాక్యం అనుకోండి. "గండికోట అందాలు" అనేది వాక్యం కాదు, అది ఆల్బమ్ పేరు. నాది చివరికి ఇలా తేలింది: ఇంత పెద్ద లోయ అంచున ఇంత చిన్న మనిషి. ఈ వాక్యం వచ్చాక మిగతా పనులన్నీ దానంతటవే తేలికపడ్డాయి. లోయ కావాలి, మనిషి కావాలి, నది వంపు కావాలి. ఆకాశం కొంచెం చాలు. సీసా, భుజం, బ్యాగు, ముందున్న బండల గుట్ట అక్కర్లేదు.

వాక్యం రాలేదా? ఒక్కోసారి ఒకే ఫొటోలో రెండు ఫొటోలు ఉంటాయి, ఎడమవైపు గుడి గోపురం, కుడివైపు లోయ. రెండు కాపీలు తీసుకుని రెండుగా కోయండి. రెండూ ఒకదాంట్లోనే ఉండాలని పట్టుబడితే కన్ను ఏదో ఒకదాని దగ్గర నిలవకుండా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది.

రెండు: ఒరుగు తీయండి

సముద్రం ఫొటో అయితే పని సులువు. ఆకాశం, నీళ్లు కలిసే గీత అడ్డంగా సమంగా ఉండాలి, అంతే. విశాఖ బీచ్‌లో తీసిన ఫొటోలో సముద్రం ఒకవైపుకు కారిపోతున్నట్టు ఉంటే ఇంకెంత బాగున్నా లాభం లేదు.

లోయల దగ్గర, కొండల దగ్గర అసలు చిక్కు వస్తుంది. అక్కడ సమంగా ఉన్న గీతే దొరకదు. చాలామంది నది ఒడ్డును పట్టుకుని దాన్ని అడ్డంగా తిప్పేస్తారు. అది తప్పు. మన నుంచి దూరంగా పోయే ఒడ్డు ఫొటోలో ఏటవాలుగానే కనపడాలి. దాన్ని సమం చేస్తే కొండలు పడిపోతాయి. యాప్‌లో ఉండే ఆటో బటన్ కూడా ఇలాంటి చోట్ల తరచూ మోసపోతుంది.

నేను పట్టుకునే గుర్తులు రెండు. ఒకటి, బాగా దూరాన కనపడే మైదానం అంచు. రెండోది నీళ్లలో నీడ. నీళ్లు కదలకుండా ఉంటే ఒక బండ కొన, నీళ్లలో దాని ప్రతిబింబం కొన, ఈ రెండూ నిట్టనిలువు గీత మీద ఉండాలి. ఫ్రేము నడుమకు దగ్గరగా ఉన్న బండను ఎంచుకోండి, అంచుల్లో లెన్సు వల్ల వంకర రావచ్చు. నా ఫొటోలో ఆ రెండు కొనల మధ్య గీత గీస్తే మూడు డిగ్రీలు తేడా తేలింది.

తిప్పితే మూలలు పోతాయి, అది గుర్తుపెట్టుకోండి. 4000×3000 పిక్సెళ్ల ఫొటోను మూడు డిగ్రీలు తిప్పి అదే కొలతల నిష్పత్తిలో ఉంచితే సుమారు 3744×2808 మిగులుతుంది. అంటే దాదాపు ఎనిమిదో వంతు పోయినట్టే. అందుకే కోతకు ముందే ఒరుగు తీయాలి. ముందు కోసేసి తర్వాత తిప్పితే, మీరు జాగ్రత్తగా అంచున నిలబెట్టిన చెట్టు కొమ్మ కాస్తా ఎగిరిపోతుంది.

మూడు: అంచుల వెంట ప్రదక్షిణ

ఫొటో తీసేటప్పుడు మన కన్ను మధ్యలోనే ఉంటుంది, అంచుల్లో ఏముందో చూడం. ఇప్పుడు చూడండి. ఎడమ పై మూల నుంచి మొదలుపెట్టి కుడికి, కిందికి, ఎడమకు, మళ్లీ పైకి, గుడి చుట్టూ తిరిగినట్టు నెమ్మదిగా ఒక చుట్టు తిరగండి. సగం తెగిన మనిషి, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని కొమ్మ చివర, కరెంటు తీగ ముక్క, మూలలో మెరుస్తున్న తెల్లటి మచ్చ, ఇవన్నీ ఒక్కొక్కటే బయటపడతాయి.

సూత్రం చిన్నదే. ఏ వస్తువైనా పూర్తిగా లోపలుండాలి, లేదా పూర్తిగా బయటుండాలి. అంచును ముద్దు పెట్టుకుంటున్నట్టు తాకి ఆగిపోయింది అన్నిటికన్నా ఇబ్బంది. అంచున ఉన్న వెలుగు మచ్చను కూడా వదలకండి, చీకటి ఫొటోలో అది కన్నును బయటికి లాగేస్తుంది. నా ఫొటోలో భుజం, బ్యాగు ఈ చుట్టులోనే పోయాయి. సీసా కూడా.

నాలుగు: ఏ ఆకారం?

లాండ్‌స్కేప్ అంటే అడ్డంగానే ఉండాలని ఎవరూ శాసనం రాయలేదు. వెడల్పు చెప్పాలంటే అడ్డం, లోతు చెప్పాలంటే నిలువు. నేను గండికోటలో ఫోన్ అడ్డంగా పట్టుకోవడమే మొదటి తప్పు. లోయ గొప్పతనం దాని లోతులో ఉంది. అందుకే 4:5 నిలువుకు (వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు ఐదు పాళ్లు) మార్చాను. మంచు మేఘాల మీద కొండల వరస తేలే వంజంగి లాంటి చోట తీసి ఉంటే 16:9 అడ్డంగా, ఇంకా సన్నంగా కోసేవాణ్ని. చదరం కూడా కొట్టిపారేయకండి. ఒంటరి చెట్టు, ఒంటరి బండ ఉన్న ఫొటోలకు అది బాగా కుదురుతుంది.

ఫొటో చివరికి ఎక్కడికి పోతుందో ముందే అనుకోండి. వాట్సాప్ స్టేటస్‌కైతే 9:16. ఇన్‌స్టాగ్రామ్‌లో 4:5 నిలువు ఫొటో స్క్రీన్‌ను బాగా నింపుతుంది. ప్రింటుకైతే సైజు బట్టి: 8×10 అంగుళాలకు 4:5, 12×18కి 2:3.

ఈ ప్రింటు సంగతిలో నేనొకసారి దెబ్బతిన్నాను. ఫోన్లో తీసిన 4:3 ఫొటోను అలాగే పెన్‌డ్రైవ్‌లో వేసి ఒక ల్యాబులో 12×18 ఇచ్చాను. ప్రింటు చేతికొచ్చాక చూస్తే కొండ కొన లేదు. అడిగితే, "సైజుకు సరిపోవాలంటే ఎక్కడో కోయాలి కదా సార్" అన్నాడు కౌంటర్ మీద కుర్రాడు. నిజమే. 4:3ని 3:2లో (అడ్డంగా పెట్టిన 12×18 అదే) కూర్చోబెట్టాలంటే తొమ్మిదో వంతు పోవాలి. ఆ కోత మనం కోయకపోతే మెషిన్ కోస్తుంది, మెషిన్‌కు కొండ కొనా ఒకటే, కింది మట్టీ ఒకటే.

ఐదు: గీత ఎక్కడ పెట్టాలి

మూడు భాగాల సూత్రం మీరు వినే ఉంటారు. క్రాప్ చేసేటప్పుడు తెర మీద తొమ్మిది గడులు వస్తాయి, ముఖ్యమైనదాన్ని ఆ గీతలు కలిసేచోట పెట్టమంటారు. 1797లోనే జాన్ థామస్ స్మిత్ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు దీనికి సూత్రమని పేరు పెట్టి రాశాడు. పనికొస్తుంది, కాకపోతే అది మొదటి మెట్టు మాత్రమే. నిశ్చలంగా ఉన్న చెరువులో కొండ ప్రతిబింబం ఉంటే గీతను నడిమధ్యలో పెట్టండి, ఏ దోషమూ రాదు.

దానికంటే ముందు ఆకాశమా, నేలా అని తేల్చుకోండి. మబ్బులు బాగుంటే ఆకాశానికి మూడింట రెండు వంతులు ఇవ్వండి. నా ఫొటోలోలాగా ఉతికి ఆరేసిన తెల్లగుడ్డలా ఉంటే కనికరం చూపించకండి. నేను పైన సన్నటి పట్టీ మాత్రం ఉంచాను, లోయ అవతలి అంచు ఎక్కడ ముగిసిందో తెలియడానికి.

తర్వాత మనిషి. కుడివైపు నిలబడి ఎడమకు, లోయలోకి చూస్తున్నాడు. చూపు ఉన్నవైపు ఖాళీ ఉండాలి, వీపు వెనక తక్కువ ఉండాలి. కాబట్టి అతన్ని కుడివైపు పై గీతలు కలిసేచోట పెట్టాను. కొంతమంది మనుషులు కనిపిస్తే ఫొటో పాడైందనుకుని చెరిపేస్తారు. ఈ ఎర్ర చొక్కా లేకపోతే ఆ బండ మోకాలెత్తో తాటిచెట్టెత్తో చూసేవాడికి ఎలా తెలుస్తుంది? కొలబద్ద అతనే.

నది విషయంలో కొంచెం తిప్పలు పడ్డాను. నీటి గీత ఫ్రేములోకి ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది అనేది చూడాలి. మొదటి కోతలో అది సరిగ్గా ఎడమ కింది మూల నుంచి మొదలైంది. మూలలోంచి వచ్చే గీత బాణంలా ఉంటుంది, కన్ను దాన్ని పట్టుకుని బయటికి జారిపోతుంది. క్రాప్ పెట్టెను కొంచెం కిందికి జరిపాను. ఇప్పుడు నది మూల నుంచి కాకుండా ఎడమ అంచు మీద, కాస్త పైనుంచి లోపలికి వస్తుంది. వచ్చి, వంపు తిరిగి, మనిషి కాళ్ల కిందికి పోతుంది. జరిపింది వేలి వెడల్పే. అక్కడే నాకు పావుగంట పట్టింది, మిగతా క్రాపంతా రెండు నిమిషాలు.

క్రాప్ అయ్యాక ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుని చూడండి. తెర తిరక్కుండా రొటేషన్ లాక్ వేయండి. కొండ, నది అని గుర్తుపట్టే అలవాటు పోయి, బరువు ఏ పక్క ఎక్కువైందో ఇట్టే కనిపిస్తుంది.

ఆరు: ఎంతవరకు కోయొచ్చు?

వెడల్పు సగం, ఎత్తు సగం చేస్తే మిగిలేది పావు వంతు పిక్సెళ్లు. 12 మెగాపిక్సెళ్ల ఫొటో 3 అవుతుంది. ఫోన్ తెర మీదికి అది కూడా చాలు. నా కోత చివరికి 2000×2500 దగ్గర తేలింది, అంటే 5 మెగాపిక్సెళ్లు. 8×10 ప్రింటు వేస్తే అంగుళానికి 250 చుక్కలు వస్తాయి, గోడకు తగిలించడానికి హాయిగా సరిపోతుంది. అంతకంటే పెద్ద ప్రింటు కావాలంటే మాత్రం ఇంత లోతుగా కోయకండి.

అసలు కోయడమే తప్పనేవాళ్లూ ఉన్నారు. తీసేటప్పుడే ఫ్రేము కుదరాలని గట్టిగా చెప్పిన ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ కార్టియే బ్రెసాన్ 1932లో తీసిన ఫొటో ఒకటి జగత్ప్రసిద్ధం, పారిస్ రైల్వే స్టేషన్ వెనక నీళ్ల మడుగు మీద దూకుతున్న మనిషిది. కంచె సందులోంచి తీశాడు, ఎడమవైపు అడ్డమొచ్చిన చెక్కను తర్వాత కోసేశాడు. మనమెంత.

ఏడు: వెలుగు దిద్దడం

క్రాప్ కన్నును ఒక గదిలోకి తెస్తుంది. ఆ గదిలో ఎక్కడ కూర్చోవాలో చెప్పేది వెలుగు. కన్ను ఎప్పుడూ వెలుగున్న చోటికీ, కాంట్రాస్ట్ (వెలుగుకూ చీకటికీ మధ్య తేడా) ఎక్కువున్న చోటికీ పోతుంది. కాబట్టి మొత్తం ఫొటోను తెల్లబరచడం కాదు పని, మన వాక్యంలో ఉన్నవాటిని కొంచెం పైకి తెచ్చి మిగతావాటిని కొంచెం వెనక్కి నెట్టడం.

అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో హెర్నాండెజ్ అనే పల్లె మీద చంద్రోదయం తీశాడు. ప్రింట్లలో ఆకాశం కాటుకలా నల్లగా, కింద స్మశానంలో శిలువలు తెల్లగా మెరుస్తుంటాయి. నెగెటివ్‌లో ఉన్నది అంత నల్లటి ఆకాశం కాదు. పైన లేత మబ్బులు కూడా ఉన్నాయి. డార్క్‌రూమ్‌లో ఆకాశానికి ఎక్కువసేపు వెలుగిచ్చి నల్లబరిచాడు. తర్వాతి దశాబ్దాల్లో వేసిన ప్రింట్లలో ఇంకా ఇంకా నల్లబరుస్తూ పోయాడు. ఎంచుకున్న చోట మాత్రమే వెలుగు మార్చే మన సెలెక్టివ్ టూల్ చేసేది ఆ పనే.

వరస ఇలా పెట్టుకోండి. ముందు హైలైట్స్ (బాగా వెలుగున్న భాగాలు) తగ్గించి ఆకాశంలో ఏమైనా మిగిలిందేమో చూడండి. పూర్తిగా తెల్లబోయిన చోట ఎంత తగ్గించినా బూడిద రంగే వస్తుంది, అప్పుడు వదిలేయండి. తర్వాత షాడోస్ (నీడ భాగాలు) కొంచెం పెంచండి, కొంచెమే. లోయలో నీడ పూర్తిగా పోతే లోతూ పోతుంది. చాలామంది ఇక్కడే తప్పుచేస్తారు, ప్రతి చీకటి సందులోనూ ట్యూబ్‌లైట్ వేసినట్టు చేస్తారు.

ఆ తర్వాత విడివిడిగా. స్నాప్‌సీడ్ సెలెక్టివ్‌లో నది వంపు మీద ఒక చుక్క పెట్టి, రెండు వేళ్లతో దాని పరిధి సర్ది, బ్రైట్‌నెస్ కాస్త పెంచాను. మనిషి మీద ఇంకో చుక్క, అక్కడ కాంట్రాస్ట్. కింద ముందున్న బండల మీద రెండు చుక్కలు పెట్టి చీకటి చేశాను. ఏ స్లైడర్ అయినా ముందు "ఛీ, మరీ ఎక్కువైంది" అనిపించేదాకా జరపండి, తర్వాత సగానికి వెనక్కి తెండి. ఇంకాసేపాగి చూస్తే అది కూడా ఎక్కువే అనిపిస్తుంది, ఇంకొంచెం తగ్గించండి. కొండ అంచు వెంట ఆకాశంలో తెల్లటి జరీ అంచులాంటిది వచ్చిందంటే హద్దు దాటారని గుర్తు.

దూరపు కొండల మీద పొగమంచును డీహేజ్‌తో మొత్తం ఊడ్చేయకండి. దగ్గరివి స్పష్టంగా, దూరానివి మసగ్గా ఉండటం వల్లే మనకు దూరం తెలుస్తుంది. అదంతా కడిగేస్తే అవతలి గట్టు ఇవతలి గట్టుకు వచ్చి అతుక్కుంటుంది.

రంగు సంగతి రెండే మాటలు. గండికోట బండలు ఎర్రగా ఉంటాయి నిజమే, కుంకుమలా ఉండవు. శాచురేషన్ (రంగుల గాఢత) పెంచాలనిపిస్తే ముందు చెట్ల వంక చూడండి, రాళ్లకంటే ముందు ఆకులే చెడిపోయి పెయింటు డబ్బా రంగులోకి వస్తాయి. నేను శాచురేషన్ ముట్టుకోలేదు, వార్మ్‌త్ (పసుపు ఛాయ) మాత్రం పిసరంత పెంచాను, పొద్దుటి ఎండ నాకు గుర్తున్నంతవరకు.

ఎనిమిది: చెరిపేయడం

కోతలో పోనివి హీలింగ్ టూల్‌తో తీయొచ్చు. నా ఫొటోలో రెండు ప్లాస్టిక్ కవర్లు మిగిలాయి, పెద్దగా జూమ్ చేసి వేలితో రుద్దితే పోయాయి. బండ గరుకు, మట్టి, గడ్డి లాంటి చోట్ల ఇది బాగా పనిచేస్తుంది. నీటి అంచు, కొండ అంచు మీద మరకలు మిగులుతాయి, జాగ్రత్త.

ఇప్పుడు ఏఐతో ఆకాశమే మార్చేసే బటన్లు వచ్చాయి. వాడాలా వద్దా మీ ఇష్టం. ఒక్కటి చూసుకోండి: మార్చిన ఆకాశంలో సూర్యుడు ఎడమనుంటే కింద నీడలు కూడా కుడికి పడాలి. చాలా ఫొటోల్లో పడవు. నా మటుకు నేను చెత్త తీసేస్తాను, లేనిదాన్ని తెచ్చిపెట్టను.

తొమ్మిది: పంపేటప్పుడు

పూర్తి క్వాలిటీలో సేవ్ చేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే సైజు బాగా తగ్గిపోతుంది. ప్రింటుకిచ్చేవాళ్లకు డాక్యుమెంట్‌గా పంపండి. ఎడిట్ చేసిన ఫొటోను మళ్లీ మళ్లీ తెరిచి జేపెగ్‌గా సేవ్ చేస్తూ పోతే ప్రతిసారీ కొంత అరుగుతుంది. మార్పులు కావాలంటే ఒరిజినల్ దగ్గర నుంచి మొదలుపెట్టండి.

చివరగా మళ్లీ గ్యాలరీలో గోటంత సైజులో చూడండి, పాతదీ కొత్తదీ పక్కపక్కన. నా కొత్తదాంట్లో ముందు ఎర్ర చొక్కా, ఆ తర్వాత అతని కాళ్ల కింద లోయ, ఆ తర్వాత నది వంపు కనపడ్డాయి. ఆకాశం ఎవరికీ కనపడదు.

ఒక్క లోటు మాత్రం పోలేదు. ముందున్న బండ ఒకటి నది వంపులో మూడోవంతును కప్పేసింది. ఎటు కోసినా, ఏ స్లైడర్ జరిపినా అది అక్కడే ఉంది. నేను నిలబడ్డ చోటు తప్పు, తీసేటప్పుడే ఎడమకు రెండడుగులు వేసి ఉండాల్సింది. ఒరిజినల్ తెరిచి అటువైపు ఏముందో చూశాను. ఒక అడుగు బండ ఉంది, రెండో అడుగు పెన్నలోకే. ఆ బండను అలాగే ఉండనిచ్చాను.